ఆయనే మాట్లాడాలట

జపానులో సంతకానికి బదులు పేరు ముద్రే. కాగితం మీద వేసే ముందు ఫుమియే ఆ ముద్రకి 'హా' అని నోటి ఆవిరి పట్టిస్తుంది. అది మొగుడి అలవాటు. ఆయన పోయి నెల. వాళ్ళ ఆచారం ప్రకారం నలభైతొమ్మిదో రోజుదాకా అస్థికలు ఇంట్లోనే, తెల్లగుడ్డ చుట్టిన కుండలో, ఫోటో పక్కన ఉంటాయి. ఈలోగా వార్డు ఆఫీసు, పింఛను ఆఫీసు, మళ్ళీ వార్డు ఆఫీసు. వేలికంటిన ఎర్రసిరా వదలడం లేదు. ఇవాళ ఆయన సెల్‌ఫోను కనెక్షను తీసేయించాలని కంపెనీకి ఫోన్ చేసింది.

"క్షమించండమ్మా, ఆయనే మాట్లాడాలండి," అంది అవతలి అమ్మాయి.

"పోయారని మూడుసార్లు చెప్పాను కదమ్మా."

"అర్థమైందండి. కానీ రూలు ప్రకారం ఆయనే..."

ఫుమియే రిసీవరు తీసుకెళ్ళి కుండ దగ్గర పట్టుకుంది.

"ఇదిగో, ఆయనకే ఇస్తున్నా. నలభై ఏళ్ళు నేనేం అడిగినా 'ఊఁ' అనడమే. నీకైనా నోరు విప్పుతారేమో చూడు తల్లీ."

ఫుమియే మోకాళ్ళ మీద కూర్చుని, ఆయనేమంటారో అని తనూ కాసేపు చెవి ఒగ్గింది.