శ్మశానానికి వెళ్లే బాట

ఏళ్ల తరబడి ఒక గోడను మోస్తున్నాను. ఇటుకలైతే కూలీని పెట్టి దించేవాణ్ణి. ఇది మాట. నేనే దించాలి, మీ ముందు.

మాది కడప వైపు. సైన్యం నుంచి వచ్చేశాక నానక్‌రామ్‌గూడ అవతల, బండరాళ్ల మధ్య ఇల్లు కట్టిన మొదటివాళ్లలో నేనొకణ్ణి. సైన్యంలో నేను పట్టింది గరిటె. కెప్టెన్‌గా ప్రమోషన్ ఇచ్చింది కాలనీవాళ్లు. కాదనలేదు. అక్కడ పొగ కళ్లలోకి పోయేది, ఇక్కడ పొగడ్త తలకెక్కింది. ఆ పేరుతోనే మా కాలనీ నుంచి పంచాయతీకి తొలి వార్డు మెంబరునయ్యాను. పాత ఊరివాళ్లు కూడా ఓటేశారు.

మా ప్లాట్ల మధ్య నుంచి ఊరివాళ్లు శ్మశానానికి వెళ్లే కాలిబాట ఉండేది. పాడె వెళ్లిన ప్రతిసారీ ప్లాట్ల ధర పడిపోతుందని మావాళ్లు గొణిగేవారు. బాటకు అడ్డంగా గోడ కట్టాలన్నారు. సర్వే చేయడానికి వచ్చినాయన అందరినీ నిలబెట్టి, ఇక్కడ బాట ఉందా అని అడిగాడు. ఊరివాళ్లు ఉందన్నారు, మావాళ్లు లేదన్నారు. మాకు పాలు పోసే లక్ష్మమ్మ నావైపు చెయ్యి చూపింది.

"గా కెప్టెన్ సాబును అడుగుండ్రి సారూ. మిలిటరీ మనిషి, అబద్ధమాడడు."

"లేదు సార్. ఇక్కడ బాట లేదు," అన్నాను.

"గట్లనా సాబ్?"

అంతే అంది. తిట్టినా బాగుండేది.

ఎందుకన్నాను? ధర కోసమా? కొంత అదే. కానీ వెనక నిలబడ్డ నావాళ్ల కళ్లలో కెప్టెన్‌గా మిగలాలన్న ఆశ అంతకంటే పెద్దదేమో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

గోడ లేచింది. లక్ష్మమ్మ భర్త పోతే, ఆఫీసు క్యాబుల హారన్ల మధ్య మెయిన్ రోడ్డు మీదుగా పాడెను చుట్టూ తిప్పి తీసుకెళ్లారు. మేడ మీంచి చూసి, లోపలికొచ్చి కర్టెన్ లాగాను. కొన్నాళ్లకు ఆమె మళ్లీ పాలు తెచ్చింది. నీళ్లు కలపలేదు.

ఇప్పుడామె మంచం పట్టింది. రేపు ఆమెనూ ఆ రోడ్డు మీదుగానే మోస్తారు. మొన్న కాలనీ మీటింగులో లేచి, బాట ఉండేది, గేటు పెట్టి తెరుద్దాం అన్నాను. "కెప్టెన్‌గారికి వయసు మీదపడింది," అని ఎవరో నవ్వారు. పార్కింగు చర్చకు వెళ్లిపోయారు. అబద్ధమాడిన రోజు ఒక్కరూ నవ్వలేదు.

లక్ష్మమ్మ దగ్గరికి ఇంకా వెళ్లలేదు. ఏ మొహంతో వెళ్లను? గోడ అలాగే ఉంది. బాట ఉండేది. లేదన్నది నేను. ఇంత రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది, అంతే.