ఆపే బట్టనే ఉంది

కరోనా తగ్గి ఆఫీసులు మామూలుగా తెరుచుకున్న ఏడాది అది. కోయంబత్తూరులో మోటారు స్టార్టర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నాది యూజర్ టెస్టింగ్ పని. మా ఇంజనీర్లు చేసిన ఫోన్ యాప్‌ను వాడేవాళ్ళ చేతికిచ్చి, ఎక్కడ తడబడుతున్నారో పక్కన కూర్చుని చూడటమే ఆ పని. దానితో తోటలో ఉన్న బోరు మోటారును ఇంట్లోనుంచే వేసుకోవచ్చు, ఆపుకోవచ్చు. మా వైపు త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి, అందుకని రైతులకు ఆ యాప్ బాగా నచ్చింది.

ఒకరోజు సర్వీసు సెక్షన్‌లో ఒకటే నవ్వులు. పొల్లాచ్చి దగ్గర కొబ్బరితోట ఉన్న ఒక పెద్దావిడ ఫిర్యాదు చేసిందట, మీ యాప్‌లో ఆపే బట్టనే ఉంది, వేసే బట్టను లేదు అని. బటన్‌ను ఆమె బట్టను అంటుంది. మెకానిక్ వెళ్ళి ఆమె ఫోన్‌తోనే మోటారు వేసి చూపించి వచ్చాడు. మర్నాడు మళ్ళీ అదే ఫిర్యాదు. ముసలావిడకు చూపు ఆనడం లేదని తేల్చేశారు. నాకైతే నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. రెండు బటన్లూ ఒకే సైజు, పక్కపక్కనే ఉంటాయి. చూపు ఆనకపోతే రెండూ ఆనకూడదు కదా. ఒకటి కనపడి ఇంకొకటి కనపడకపోవడం ఏమిటి? ఆ ప్రశ్న నా బుర్ర తొలిచేసింది.

ఆమె కొడుకు సెంథిల్‌కు ఫోన్ చేశాను. నా యాస పట్టి అతను తెలుగులోకి దిగాడు. కోయంబత్తూరులో లేత్ వర్క్‌షాప్ నడుపుతాడు, రోజూ పొల్లాచ్చి నుంచే వచ్చి పోతాడు. "అమ్మకు పక్షవాతం వచ్చి తగ్గింది మేడం. కాలూ చెయ్యీ తేరుకున్నాయి, కండ్లు మాత్రం పోయినట్ల ఉండాది. వచ్చే నెల తోట గుత్తకు ఇచ్చేస్తా ఉండా. ఆ కోపంతో నేను పక్కన కూర్చున్నా నా మొగమే చూడదు" అన్నాడు. గుత్త అంటే ఏడాదికింత అని తోటను వేరేవాళ్ళకు అప్పగించేయడం.

తోట పక్కనే ఉన్న వాళ్ళింటికి నేను వెళ్ళేసరికి ఆ పెద్దావిడ, రంగనాయకమ్మగారు, మంచం మీద కూర్చుని కోడలు గీతను ఏదో అదలిస్తున్నారు. అదలింపు తెలుగులో. నన్ను చూసి తమిళంలోకి మారారు. నేను తెలుగులో జవాబిచ్చేసరికి మొహం విప్పారింది.

"మనోళ్ళేనా? ఏ ఊరు పాపా?"

"పోదనూరు. నాయన రైల్వేలో ఉండె."

"అట్లయితే నన్ను అత్తా అను. ముందు కాఫీ తాగు. ఫోను యాడికీ పోదు."

కాఫీ తాగుతుండగానే ఆమె బాధంతా బయటపడింది. పాత చెట్లు కొట్టించి, వాటి చోట కొత్త మొక్కలు తనే దగ్గరుండి నాటించారు. "కరెంటు వచ్చినప్పుడు నీళ్ళు పెట్టకుంటే అవి బతకవు. గుత్తకు తీసుకునేవాడికి కాసే చెట్టు మీదనే కన్ను. నేను నాటిన మొక్కలు ఎండితే వానికేమి?" అన్నారు. ఆ తరువాత గొంతు తగ్గించి, "మా సెంథిలు కూడా మారిపోయినాడు. గోడ చాటునించి మాట్లాడినట్ల మాట్లాడి పోతాడు. మొగమే చూపించడు" అన్నారు. ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకే ఫిర్యాదు ఉందని అప్పుడు నాకు తట్టలేదు. నేను వచ్చింది యాప్ పని మీద కదా.

డిజిటల్ యాక్సెసిబిలిటీ అని మా పనిలో ఒక మాట ఉంది. ఏ లోపం ఉన్నవాళ్ళయినా ఇబ్బంది లేకుండా వాడుకునేలా యాప్‌ను తీర్చడం. దానికి మాకు తెలిసిన మందు ఒకటే, అక్షరాలు పెద్దవి చేసి రంగులు ముదురుగా పెట్టడం. అదే చేసి ఫోను ఆమె చేతికిచ్చాను. అత్త తెర చూసి మెచ్చుకున్నారు.

"బాగుండాది పాపా. ఆపే బట్టను ఇంకా పెద్దదయింది."

తెలుగు గొంతుతో చదివి చెప్పే ఏర్పాటు కూడా పెట్టి చూశాను. "ఈయమ్మ ఎవురు? మన పక్క మాట కాదే" అని నవ్వి, ఫోను పక్కన పెట్టేశారు.

సంచిలోంచి ఐ ట్రాకర్ తీశాను. లాప్‌టాప్‌కు బిగించే చిన్న కెమెరా అది. మన చూపు తెర మీద ఎక్కడెక్కడ ఆగితే అక్కడ ఒక చుక్క పెడుతుంది. అత్తను కూర్చోబెట్టి బొమ్మలు చూపించాను. చుక్కలన్నీ కుడి సగంలోనే పడ్డాయి. ఎడమ సగం ఊడ్చిన వాకిలిలా ఉంది. వేసే బటన్ ఉండేది ఎడమవైపే.

ఆమెకు వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టుకు ఫోన్ చేస్తే, "నెగ్లెక్ట్ అంటారు దీన్ని" అంది. "కన్ను బాగానే చూస్తుంది, మెదడే ఆ పక్కను లెక్కలోకి తీసుకోదు. మన వీపు వెనక కనపడటం లేదని మనం బెంగపడతామా? ఆమెకు ఎడమపక్క అట్లాంటిది." అప్పుడు గీత నన్ను దేవుడి గదికి తీసుకెళ్ళింది. అత్త పీట మీద కూర్చుని పొద్దున వేసిన ముగ్గు అక్కడుంది. కుడి సగం ముత్యాల్లా కుదిరింది. ఎడమవైపు చుక్కలు కూడా లేవు. "ఎవురికీ చెప్పలేదక్కా. మతి చెడింది అంటారని" అంది గీత.

బటన్లు ఒకదాని కింద ఒకటి పెట్టిద్దామనుకుంటూ తిరిగొచ్చాను. కొంత మేలే గానీ, మిగతా తెర సంగతి ఏమిటి? మోటారు ఆడుతోందో లేదో చెప్పే దీపం కూడా ఎడమ మూలనే ఉంటుంది. ఆ ఆలోచనతోనే మళ్ళీ వెళ్ళాను. ఆరోజు శుక్రవారం. దేవుడి గదిలో ముగ్గు నిండుగా, నాలుగు పక్కలా ఉంది.

"ఇది నువ్వు వేసినావా గీతా?"

"లేదక్కా, అత్తమ్మే. శుక్రవారం మాత్రం ఎట్లనో బాగొస్తాది."

శుక్రవారానికి, మిగతా రోజులకు తేడా ఏమిటి? శుక్రవారం ముగ్గుకు చుట్టూ ఎర్రమన్ను అంచు ఉంది. మా ఇళ్ళలో దాన్ని కావి అంటారు. అందరూ ముగ్గు వేశాక కావి పూస్తారు. ఈ ఇంట్లో మాత్రం శుక్రవారాల్లో కోడలు కావి ముందే పూస్తే, అది ఆరాక అత్త లోపల ముగ్గు వేస్తారట. అత్తనే అడిగాను.

"కావి అంచు నాలుగు పక్కలా పోతాది కద పాపా. ముగ్గు దాన్ని తాకాల. అది యాడికి పోతాదో నేనూ ఆడికే పోతా" అన్నారు, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

నాకు దారి దొరికింది. చూపు తనంతట తాను ఎడమకు పోవడం లేదు, ఎర్ర అంచు చెయ్యి పట్టుకుని నడిపిస్తే పోతోంది. గీతను అడిగి గోళ్ళరంగు సీసా తెప్పించి ఫోను అంచు చుట్టూ ఎర్రగా పూశాను. ఆరాక అత్త చేతికిచ్చి, "ఇది కావి అనుకో అత్తా" అన్నాను. ఆమె వేలు అంచు పట్టుకుని పైనుంచి నెమ్మదిగా ఎడమకు జరిగింది. తలా జరిగింది. వేలు ఆగింది.

"ఇదేమి, పచ్చ బట్టను? ఎప్పుడు పెట్టినారు దీన్ని?"

"మొదటినుంచీ ఉండాది అత్తా."

ఆమె నన్ను అనుమానంగా చూసి, నొక్కారు. తోటలో మోటారు అందుకున్న చప్పుడు ఇంట్లోకి వినపడింది. నా కళ్ళు చెమ్మగిల్లాయి, ఎందుకు దాచాలి?

అప్పుడు గుర్తొచ్చింది, మొగం చూపించని కొడుకు. "సెంథిల్ వచ్చి ఎక్కడ కూర్చుంటాడు?" అని గీతను అడిగాను. మంచానికి ఎడమవైపు, గుమ్మం పక్కన ఉన్న కుర్చీ చూపించింది. ఆ కుర్చీ వీపు మీద ఒక ఎర్ర తువాలు వేయించాను. మంచం అంచు పొడుగునా ఇంకో ఎర్ర గుడ్డ చుట్టించి, కుర్చీదాకా తెచ్చి ముడివేయించాను. బస్సు పోతే పోయిందని ఆగాను.

సాయంత్రం అతను వచ్చి, అలవాటుగా ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. "తిన్నావామ్మా?" అన్నాడు. అత్త ఎప్పటిలాగే కుడివైపు తిరిగారు.

"కావి పట్టుకుని రా అత్తా" అన్నాను.

ఆమె చెయ్యి ఎర్ర గుడ్డ మీద పడింది. దాని వెంటే తల తిరిగింది. చూపు కొడుకు మొగం మీద ఆగింది.

"ఎప్పుడు వచ్చినావురా?"

"రోజూ ఈడనే కూర్చుంటా ఉండానమ్మా."

తోట గుత్తకు పోలేదు. చుట్టూ ఎర్ర అంచు ఉండే తెర, పైకీ కిందకీ బటన్లు ఇప్పుడు మా యాప్‌లో ఎవరికి కావాలన్నా దొరుకుతాయి. కొత్తగా చేరినవాళ్ళకు నేను ఈ కథే చెబుతాను. కనపడలేదని ఎవరైనా అంటే, వాళ్ళ కళ్ళను అనుమానించకముందు మీరు ఏ పక్కన కూర్చున్నారో ఒకసారి చూసుకోండి అంటాను.