కళ్లంలో మొక్కలు

మా యూనివర్సిటీ ఆ ఊరిని దత్తత తీసుకుందని చెప్పడానికి మొదటిసారి వెళ్లినప్పుడు, అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతున్న ఒకామె నన్ను ఎగాదిగా చూసింది. "దత్తు తీసుకుంటే మా ఇంటిపేర్లు గూడా మారతాయా సార్?" అని అడిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె ఎగతాళి చేసిందా, నిజంగానే అడిగిందా అన్నది మాత్రం నాకు తేలలేదు. ఆ ఊరితో నా అయోమయం అక్కడే మొదలైంది.

మాది రాజంపేట. నాన్నది కిరాణా అంగడి. కొర్రలనూ కందులనూ బస్తాల్లో చూశాను తప్ప చేలో చూసినవాణ్ణి కాదు. నేను చెప్పేది కామర్స్. ఊళ్లతో సత్సంబంధాలు పెంచే బాధ్యత ఎవరికివ్వాలని మీటింగు పెట్టిన రోజు, కల్లూరులో ఆటో దొరక్క ఆలస్యంగా వెళ్లాను. నేను వెళ్లేసరికి తెలివైనవాళ్లంతా తప్పుకున్నారు. బాధ్యత నా మెడకు చుట్టుకుంది.

జులైలో ఒక బస్సు నిండా పిల్లలనూ, వేప, కానుగ మొక్కలనూ వేసుకుని కోడుమూరు రోడ్డు దిగి ఆ ఊరికి వెళ్లాం. ఊరి చివర కాస్త మెరకలో చదునైన నేల కనిపించింది. రాయి లేదు, గడ్డిపోచ లేదు. ఇంత నేల ఊరికే పడి ఉంటే ఒక్క చెట్టు నాటుకోవాలని తోచలేదే వీళ్లకు అని చిరాకుపడ్డాను కూడా. ఆ ఇంటిపేర్ల అక్క మొగుడు అక్కడే నిలబడి ఉన్నాడు. "ఈడనా సార్?" అన్నాడు. "ఇక్కడే" అన్నాను. ఆయన ఇంటికెళ్లి గడ్డపార తెచ్చిచ్చాడు. నేల గట్టిగా ఉండి పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. అక్క అందరికీ మజ్జిగ పోసింది. ఎక్కడ తీశామో కూడా ఫోటో మీదే పడే యాప్‌తో మొక్కల ఫోటోలు తీసి పైకి పంపాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

నెల తర్వాత వెళితే ఒక్క మొక్క లేదు. గుంతలన్నీ పూడ్చి, పైన పేడతో శుభ్రంగా అలికేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం వస్తే ఎదుట ఎవరున్నారో చూసుకోను. అక్క ఎదురైతే, పిల్లల కష్టం మట్టిపాలు చేశారనీ, మీకోసం ఎవరూ ఏమీ చేయకూడదనీ నోటికొచ్చినట్టు అన్నాను. ఆమె అంతా విని, "రా సార్" అని వీధిలోకి తీసుకెళ్లింది.

ప్రతి ఇంటి ముందూ మా మొక్కే. ఒకచోట నూనె డబ్బాలో, ఒకచోట పగిలిన బకెట్టులో, మేకలు ముట్టకుండా చుట్టూ ముళ్లకంప. అంట్లు కడిగిన నీళ్లు పోస్తున్నారట. మేం నాటినప్పటికంటే జానెడు పెరిగాయి.

"అది కళ్లం సార్. ఊరందరూ పంట ఆరబోసేది, నూర్చేది ఆడనే. గాలి బాగా తోల్తాదని చెట్టు లేకుండా పెట్టుకున్యాం. చెట్లు లేస్తే తూర్పార పట్టేది యాడ?"

"మరి ఆ రోజే చెప్పొచ్చు కదక్కా?"

"అంత ఎండలో పిల్లోల్లు గుంతలు తవ్వుతాండారు. వచ్చినోల్లను వద్దని ఎట్ల చెప్తాం?" అంది. పంట ఇళ్లకు చేరాక, చేలగట్ల మీద నాటుదామని అనుకున్నారట.

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఒకటి అర్థం కాలేదు. అది నా మీద మర్యాదా, యూనివర్సిటీ అంటే భయమా, చదువుకున్నోడికి చెప్పినా ఎక్కదులే అన్న నిర్ణయమా?

సెప్టెంబరులో మా యూనివర్సిటీకి గ్రేడు వేసే కమిటీ వస్తోందని కబురొచ్చింది. దత్తత గ్రామం కూడా చూస్తారట. మా పెద్దసారు ఫోటోలు ముందేసుకుని కూర్చున్నారు. మొక్కలు వేరే చోట బతికే ఉన్నాయని చెప్పాను. "బతికితే చాలదయ్యా, ఫోటోలో ఉన్నచోటే బతకాలి" అన్నారు. అప్పుడైనా అది కళ్లమని గట్టిగా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు రోజులు కొట్టుకుని, చివరికి అక్క దగ్గరికే పోయాను.

కళ్లంలో ఆమె కొర్ర కంకులు ఆరబోసి ఉన్నాయి. కౌలుకు చేసిన రెండెకరాల పంట. వాళ్లకు ఏడాది తిండీ, వచ్చే ఏటికి విత్తనమూ అదే. నేను నసుగుతూ సంగతి చెప్పాను. ఆమె కుదరదంటే బాగుండునని లోపల ఆశపడ్డాను. అప్పుడు తప్పు నాది కాకుండా పోతుంది.

"ఇది మీకు పరీచ్చ లాంటిదా సార్?"

"అట్లాంటిదే అక్కా."

"ఒక్క పూటనే కదా. కంకులు వీధిలోకి ఎత్తుకుంటాంలే" అంది.

మరునాడు పొద్దున ఊరంతా కదిలింది. డబ్బాలు మోసుకొచ్చి కళ్లంలో వరుసగా పెట్టి, డబ్బా కనపడకుండా మా పిల్లలు చుట్టూ మట్టి పోశారు. అక్క కంకులు పల్లపు వీధిలో, పాత చీరల మీద కుప్పగా పడ్డాయి. పదిరోజులుగా మబ్బు జాడలేని ఆకాశం పదకొండింటికి నల్లబడింది. కమిటీవాళ్లు అప్పుడే కార్లు దిగారు. మొక్కల వరుస చూసి మెచ్చుకున్నారు. వాళ్లలో ఒకాయన, యూనివర్సిటీ వల్ల మీకేమైనా మేలు జరిగిందా అని అక్కను అడిగాడు. ఆమె వీధి వైపు ఒకసారి చూసి, "శానా మేలు సార్" అంది. ఆ క్షణంలో నేను నోరు తెరిచి ఉంటే ఆమె ఉరికి కుప్ప మీద పట్ట కప్పుకునేది. నేను కమిటీ ముఖాలు చూస్తూ నిలబడ్డాను.

వాన ఒక్కసారిగా దిగింది. కార్లు వెళ్లిపోయాక పరుగెత్తాం. కళ్లం మెరక కాబట్టి అక్కడ చుక్క నీరు నిలవలేదు. వీధిలో నీళ్లు మోకాలికి కాస్త కిందుగా పారుతున్నాయి. మొగుడూ పెళ్లామూ కంకులు ఒడిసి ఒడిసి గంపలకెత్తుతున్నారు. కొన్ని కళ్ల ముందే కాలవలోకి కొట్టుకుపోయాయి. నేనూ దిగి చేతికందినవి ఎత్తాను. బురద, కంకి కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు.

"తప్పు నాదక్కా" అన్నాను. ఏడుపొచ్చేసింది.

"వానకు ఎవురు చెప్తారు సార్" అంది తలెత్తకుండా. కాసేపటికి నడుం పట్టుకుని నిలబడి, అన్ని నెలల్లో మొదటిసారి సార్ అనకుండా అడిగింది. "నీ పరీచ్చ పాసైనావా?"

నవ్వుతోందేమోనని ముఖంలోకి చూశాను. నవ్వడం లేదు. అవునని తలూపాను.

"అట్లయితే ఆ డబ్బాలు తీసేయమను పిల్లోల్లకు. రేపు ఎండ కాస్తే ఇవి ఆరబోసుకోవాల."