మా బండిదేనమ్మా, మాఫ్ చెయ్యండ్రి

ఇంద్రసేనరావు గారికి ఒకే ఒక వ్యసనం ఉండేది. క్షమాపణ చెప్పుకోవడం. అశోక్‌నగర్‌లో ఒకాయనకు చుట్ట, ఒకాయనకు పేకాట, ఇంకొకాయనకు గుర్రప్పందేలు ఉండేవి. ఈయనకు మాత్రం రోజుకు పదిమంది దగ్గర తప్పు ఒప్పుకుంటే గాని ముద్ద దిగేది కాదు. చిక్కడపల్లి బజారులో ఎవరైనా ఆయన కాలు తొక్కితే, తొక్కినవాడు నోరు తెరిచేలోపే ఈయన చేతులు జోడించి "మాఫ్ చెయ్యండ్రి, నా కాలు అడ్డమున్నది" అనేవాడు. బస్సుల వర్క్‌షాపులో ఫోర్‌మన్ ఉద్యోగం. అక్కడ నట్టు ఒక చుట్టు ఎక్కువ బిగిస్తే ఆ నట్టుకు కూడా క్షమాపణ చెబుతాడని పుకారు. ఆయన మేడమీద అద్దెకు దిగిన విశ్వేశ్వరరావు ఆ పుకారు నమ్మలేదు, ఒకరోజు చెవులారా వినేదాకా.

విశ్వేశ్వరరావుది అమలాపురం. బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. తల్లి ఆదిలక్ష్మమ్మ గారినీ, భార్య కమలనూ తీసుకుని సామాన్లతో గేటు దగ్గర దిగిన రోజునే ఇంటాయన ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు.

"మాఫ్ చెయ్యండ్రి సాబ్."

"దేనికండీ?"

"ఇప్పుడు గాదు. ఐతారం నాడు చప్పుడైతది. ముందుగాల్నే అడుగుతున్న."

ఆ చప్పుడు సంగతి ఆదివారం తెలిసింది. వాళ్ల వంటింటి కిందే రేకుల షెడ్డు. అందులో ఎవరో నవాబు గారి గ్యారేజీలో పాతికేళ్లు నిద్రపోయిన ఫోర్డు కారు ఒకటి, సగం ఒళ్లు ఊడదీసి ఉంది. ఇంద్రసేనరావు గారు ఏదో అమెరికా పత్రికలో ఒక బొమ్మ చూశాడు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, తిన్నని రోడ్డు మీద పావు మైలు పరుగెత్తే పందెం. అంతే, ఇంట్లోనే అలాంటి కారు కట్టాలని పట్టుబట్టాడు. వివరాలు కనుక్కోవడానికి ఆదిలక్ష్మమ్మ గారు ఆయన్ని పైకి పిలిపించారు.

"పావు మైలంటే ఎంతయ్యా?"

"రెండు ఫర్లాంగులు అమ్మా."

"తరవాత?"

"తర్వాత ఏం లేదు. ఆగుడే."

"ఆగడానికి అంత తొందరేవిటి నాయనా?"

ఇంద్రసేనరావు గారు దీనికీ క్షమాపణ చెప్పాడు. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలి ఆ పరుగుకు చాలదనీ, ఇంకో యంత్రంతో బలవంతాన గాలి కూరాలనీ వివరించాడు. దాన్ని బ్లోయర్ అంటారట. యుద్ధం నాటి డీజిల్ ఇంజను తుక్కులోంచి ఆయన దాన్ని సంపాదించాడు. దాన్ని తిప్పడానికి తగిన బెల్టు ఊళ్లో ఎక్కడా దొరక్క, పీరయ్య పిండిమర నుంచి పాత బెల్టు తెచ్చి తగిలించాడు.

"అంటే పసిపిల్లకి ఉగ్గు కుక్కినట్టన్నమాట" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు.

"గట్లనే అమ్మా."

"కక్కదూ?"

కక్కింది. ఆ ఆదివారమే కక్కింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి బ్లోయర్ నోట్లోంచి మంట కక్కుతూ ఫిరంగిలా పేలింది. పిండిమర బెల్టులో ఏళ్ల తరబడి ఇరుక్కున్న జొన్నపిండి ఆరేసిన బట్టలన్నిటి మీదా పడింది. పైన వంటింటి గూట్లో, అమలాపురం నుంచి తెచ్చిన ఇత్తడి మరచెంబు దబ్బున కిందపడి గడప దాకా దొర్లింది. మరు నిమిషంలో ఇంద్రసేనరావు గారు మోచేతుల దాకా గ్రీజుతో గుమ్మంలో నిలబడ్డాడు.

"మా బండిదేనమ్మా, మాఫ్ చెయ్యండ్రి."

ఆదిలక్ష్మమ్మ గారు పావుగంట తిట్టారు. గోదావరి జిల్లాలో పుట్టిన మనిషి, తిట్టిన తిట్టు మళ్లీ తిట్టకుండా తిట్టారు. ఆయన తలవంచుకుని, కాఫీ తాగి, "వస్తనమ్మా, మళ్ల ఐతారం" అని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇదే తంతు. బండి పేలడం, చెంబు పడడం, క్షమాపణ, తిట్లు, కాఫీ. ఒకసారి కమల ముందుజాగ్రత్తగా చెంబు దించి కింద పెడితే అత్తగారు ఒప్పుకోలేదు. దాని చోటు అదేనన్నారు.

అరవై తొమ్మిది వచ్చింది. ఊరు ఊరంతా మండిపోయింది. ప్రత్యేక తెలంగాణ కోసం బందులు, ఊరేగింపులు, లాఠీలు, కర్ఫ్యూలు. పాలు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఆంధ్రావాళ్లు వెళ్లిపోవాలని ఎదురింటి గోడ మీద ఎవరో తారుతో రాశారు. కమల ఆ వైపు కిటికీ మూసేసింది. ఆ వేసవిలోనే ఆదిలక్ష్మమ్మ గారికి గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది గాని, ఇంకొక్కసారి ఇలాంటి అదురు తగిలితే తట్టుకోలేరని డాక్టరు చెప్పాడు. ఊరు తీసుకెళదామంటే ప్రయాణానికీ పనికిరారన్నాడు.

విశ్వేశ్వరరావు రోజూ ఆఫీసుకు నారాయణగూడ మీదుగా నడిచి వెళ్లాలి. కాలేజీలన్నీ అక్కడే. ఊరేగింపులూ అక్కడే, పోలీసులూ అక్కడే. సాయంత్రం కొడుకు మెట్ల మీద అడుగు పెట్టేదాకా ఆ తల్లి వీధి గుమ్మం వైపే చూస్తూ పడుకునేది.

ఇంత గోలలో కూడా ఇంద్రసేనరావు గారు బండి మానలేదు. పైగా ఇప్పుడు ఆదివారమని నియమం లేదు. బస్సులు తిరగవు, వర్క్‌షాపు మూత, మనిషి ఇంట్లోనే. మంగళవారం పేలేది, గురువారం రెండుసార్లు పేలేది. పేలిన ప్రతిసారీ ఆయన పరుగున పైకి వచ్చి మంచం పక్కన నిలబడి "మా బండిదేనమ్మా" అనేవాడు. ఆవిడ నీరసంగానే అయినా ఒక్క తిట్టు తగ్గించకుండా తిట్టేది. సాయంత్రం ఇల్లు చేరాక కమల చెబితే విశ్వేశ్వరరావుకు ఒళ్లు మండిపోయేది.

కోపంతో పాటు అనుమానం కూడా పుట్టింది. ఊరేగింపులో జెండా పట్టుకుని నడుస్తున్న ఇంద్రసేనరావు గారిని అతను కళ్లారా చూశాడు. ఇల్లు ఖాళీ చెయ్యమని నోటితో చెప్పలేక మోతలతో చెబుతున్నాడని రూఢి చేసుకున్నాడు. భయం పట్టుకున్న మనిషికి ఏ ఆలోచన వచ్చినా నిజంలాగే ఉంటుంది.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆఫీసు పెందలాడే మూసేశారు. సందులు పట్టుకుని ఇంటికి చేరిన విశ్వేశ్వరరావు పైకి వెళ్లకుండా తిన్నగా షెడ్డులోకి దూరాడు.

"మా అమ్మ ప్రాణం తీసేదాకా ఆపరా మీరు? మనిషేనా అసలు? ఇవాళ్టితో ఈ దిక్కుమాలిన ఇంజను..."

అని దాన్ని చూపించబోయి వేలు గాల్లోనే ఆపేశాడు. బానెట్ తెరిచి ఉంది. ఇంజను ఉండాల్సిన చోట ఇంటావిడ విద్యావతమ్మ గారి బొగ్గుల బుట్ట ఉంది.

"ఇంజనేదండీ?"

"ముషీరాబాద్‌ల, ఈరన్న లేతు మిషను కాడ. ఇచ్చి నెలన్నరాయె. మాఫ్ చెయ్యండ్రి."

"తెచ్చుకోలేదే?"

ఇంద్రసేనరావు గారు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. ఆ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. "దుకాణం బంద్ పెట్టిండు. నారాయణగూడ కాడ కాల్పులల్ల ఈరన్న తమ్ముడు పోయిండు సాబ్. ఇరవై రెండేండ్లు. నేనే మట్టికి పోయొచ్చిన. నా ఇంజనేమాయె అని ఎట్ల అడుగుత?"

విశ్వేశ్వరరావు వేళ్ల మీద లెక్క వేశాడు. నెలన్నర. ఈ నెలన్నరలో ఎన్ని మోతలు, ఎన్ని క్షమాపణలు!

"మరి పైకెళ్లి మీ బండిదేనని..."

"మీరు నారాయణగూడ మీదికెల్లి నడుసుకుంట వస్తరు గద. ఆ టైముకు అటుదిక్కు చప్పుడైతే, పండుకున్న తల్లి ఏమనుకుంటది?"

"మీరు ఊరేగింపుల్లో నడిచారు కదండీ. నేను చూశాను."

"నడిసిన. రేపు మళ్ల నడుస్త. అది వేరే. అమ్మ గుండె వేరే."

అంతలో నారాయణగూడ వైపు నుంచి రెండు మోతలు వినిపించాయి. ఇంద్రసేనరావు గారు గబగబా గ్రీజు డబ్బా అందుకుని రెండు చేతులకూ మోచేతుల దాకా పూసుకున్నాడు. నుదుటి మీద ఒక చార పెట్టుకున్నాడు. "మాఫ్ చెయ్యండ్రి సాబ్, జర జరుగుండ్రి" అని మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాడు. పైనుంచి "మా బండిదేనమ్మా" అన్న మాటా, వెంటనే ఆదిలక్ష్మమ్మ గారి మొదటి తిట్టూ వినబడ్డాయి.

విశ్వేశ్వరరావు ఆ కారు ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఆయన దిగిరాగానే లేచి నిలబడి, "నన్ను క్షమించండి" అన్నాడు.

ఇంద్రసేనరావు గారు హడలిపోయాడు. యాభై ఏళ్లుగా ఆ మాట ఇవ్వడమే గాని పుచ్చుకోవడం ఆయనకు తెలియదు. "అట్లనొద్దు సాబ్, అట్లనొద్దు, మాఫ్ చెయ్యండ్రి" అని, క్షమాపణ అడిగించుకున్నందుకు ఎదురు క్షమాపణ అడిగాడు.

వానలు వచ్చి పోయాయి. కర్ఫ్యూలు తగ్గాయి. ఆదిలక్ష్మమ్మ గారికి గండం గడిచిందనీ, ఇక భయం లేదనీ డాక్టరు చెప్పాడు. పోయినవాళ్లు రాలేదు గాని దుకాణాలు ఒక్కొక్కటీ తెరుచుకున్నాయి. ఒకరోజు ఈరన్నే స్వయంగా తోపుడు బండి మీద ఇంజను వేసుకొచ్చి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడకుండా దాన్ని బిగించడానికి సాయం పట్టి వెళ్లాడు. ఆ మరుసటి ఆదివారం పీరయ్య మరో బెల్టు ఇచ్చాడు.

అలాంటి మోత ఆ వీధి ఎన్నడూ వినలేదు. తలుపులన్నీ దబదబా పడ్డాయి. పీరయ్య జొన్న బస్తాల వెనక దాక్కున్నాడు. వంటింటి గూట్లోంచి మరచెంబు పడి గడప దాకా దొర్లింది. విశ్వేశ్వరరావు పరుగున తల్లి గదిలోకి వెళ్లాడు. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని ఆ చెంబు వైపే చూస్తోంది.

ఇంద్రసేనరావు గారు వచ్చేశాడు. కనుబొమలు సగం కాలిపోయి ఉన్నాయి.

"మా బండిదేనమ్మా, మాఫ్ చెయ్యండ్రి."

"అవున్నాయనా" అన్నారు ఆదిలక్ష్మమ్మ గారు. "ఇది మాత్రం నీదే."

మగవాళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు.

"నీ బండి మోగితే నా చెంబు పడాలి. వేసవి నుంచీ ఒక్కసారైనా పడిందా?"

"అయితే నీకు భయం వెయ్యలేదా అమ్మా?" అన్నాడు కొడుకు.

"వెయ్యకేం? ప్రాణాలు పోయేవి. ఈయనొచ్చి నిలబడేవాడు. ఈయన్ని తిట్టడం పూర్తయ్యేసరికి నువ్వొచ్చేసేవాడివి."

"మరి బండిది గాదని ఒక్కనాడన్నా అనకపోతిరి గదమ్మా?" అన్నాడు ఇంద్రసేనరావు గారు.

"అంతంత గ్రీజు పూసుకుని మెట్లెక్కి వచ్చావు. నమ్మకపోతే ఏం బావుంటుందయ్యా?" ఆవిడ దిండుకు చేరగిలబడింది. "సరే గాని, బండి కదిలిందా?"

"గేటు దాక పోయిందమ్మా. బెల్టు తెగింది."

"రెండు ఫర్లాంగుల్లో ఇంకెంత మిగిలింది?"

"గేటు అవతలిదంత."

"అయితే ఆ చెంబు తీసి గూట్లో పెట్టు. వచ్చే ఆదివారం మళ్లీ పడాలిగా."

ఇంద్రసేనరావు గారు మసి చేతులతో చెంబు తీశాడు. ఒక పక్క కొత్త సొట్ట పడింది. దాన్ని పంచె చెంగుతో తుడిచి గూట్లో పెడుతూ, వంగి దానితో మెల్లగా ఏదో అన్నాడు. గుమ్మంలో ఉన్న విశ్వేశ్వరరావుకు ఆ మాట వినబడలేదు. వినబడాల్సిన అవసరమూ లేదు.