మామయ్య వస్తే చెప్పులు జాగ్రత్త

మా మేనమామ గడపలో అడుగుపెడితే మేం ముందు చేసే పని మంచినీళ్ళివ్వడం కాదు, చెప్పులు దాచడం. దొంగబుద్ధి అనుకునేరు, ఛఛ! ఆయన పడవలు బాగుచేసే మనిషి. పడవ మీద పడ్డ నీళ్ళు పోవడానికి అంచున కన్నాలుంటాయి కదా, జనం ఎక్కువైతే ఏటి నీళ్ళు వాటిలోంచే పైకి తన్నుకొస్తాయి. బయటివైపు రబ్బరు రేకు వేలాడదీస్తే లోపలి నీళ్ళు పోతాయి, బయటివి రావు. రబ్బరు అనగానే మామయ్య కంటికి ఆనేది చెప్పు.

కుదురు లేని మనిషి. ఒకసారి పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన సూది తెచ్చేలోపు కుర్చీలోంచి మాయం. చూస్తే గుమ్మం బయట చతికిలబడి ఓ చెప్పుని వంచుతున్నాడు.

"మామయ్యా, అది డాక్టరుగారిది!"

"అదే అనుకున్నా, ఇంత మెత్తగా ఉందేమిటా అని."

ఈ ఏడు నా రేవు పడవకి తనిఖీ వచ్చింది. వెనకవైపు ఇరవైమందిని నిలబెడతారు, నీళ్ళు పైకొస్తే అనుమతి రద్దు. అది పోతే నాకూ, వెనక స్టూలు మీద కూర్చుని టిక్కెట్లిచ్చే మా అక్కకీ బతుకుతెరువు లేదు. భయంకొద్దీ కన్నాల్లో గుడ్డలు కుక్కేశాను. అది చూసి మామయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"ఒరేయ్ దద్దమ్మా! వానొస్తే ఆ నీళ్ళు ఎటు పోతాయిరా, నీ నెత్తి మీదికా?"

"తనిఖీ అయ్యాక తీసేస్తాలే."

"ముందు నీ చెప్పులు విప్పు."

"నిన్ననే కొన్నాను మామయ్యా!"

"మంచిది, గట్టిగా ఉంటాయి."

తెల్లారేసరికి గుడ్డలు లేవు, కన్నాల బయట నా చెప్పుల రబ్బరు వేలాడుతోంది. నేను ఉత్తకాళ్ళతో నిలబడ్డాను. అధికారి ఇరవైమందిని వెనక్కి పంపాడు. పడవ కుంగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క చుక్క రాలేదు! జనం దిగాక ఓ బకెట్ నీళ్ళు పోయించాడు, అవన్నీ బుడబుడా బయటికి పోయాయి. సంతకం పెట్టేశాడు.

"మామయ్యా, గట్టెక్కాం!" అని అరిచాను.

ఆయన నా వైపు చూడనైనా లేదు. అక్క ముందు గొంతుక్కూర్చుని ఆమె పాదాలు చూస్తున్నాడు. రోజూ ఆ కన్నాల్లోంచి వచ్చే నీళ్ళలో నాని వేళ్ళ సందులు పుళ్ళు పడిపోయాయి. అదే పడవలో తిరుగుతూ నేను గమనించనే లేదు. సిగ్గేసింది.

"మొన్న కుంటుతుంటే చూశానే. ఇక తడవవులే," అన్నాడు.

"నాకు చెప్పలేదేం అక్కా?"

"నీకున్న దిగుళ్ళు చాలవురా?" అని, "కాసేపు కూర్చో మామయ్యా," అంది.

"కూర్చోడానికి తీరికేదే? ఆ పక్క పడవ వంటావిడ కూడా కుంటుతోంది," అంటూనే గట్టు మీదికి దూకేశాడు. పనిముట్ల సంచి మరిచిపోయాడు. అది పట్టుకుని నేనూ ఆయన వెనకే పరిగెత్తాను.