అవ్వ కుట్టిన కవరు, టైపు మేడం కంప్యూటరు

టైపు మేడం పోయారన్న కబురు నాకు బడిలో తెలిసింది. ఏడో తరగతికి పాఠం చెబుతుంటే మా అటెండరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "మేడం, మీ టైపు మేడం పోయిందట. పొద్దుగాల పూలు తెంపుకుంట తెంపుకుంటనే కూలబడ్డదట" అన్నాడు. ఎవరో ఏదో అంటే పట్టుకొచ్చావా అని ఆయన్ని కసురుకున్నాను. నమ్మలేని మాట వింటే ముందు కసురుకోవడం నా అలవాటు. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఆయన కొడుకు కూడా ఆమె దగ్గరే టైపు నేర్చుకున్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

మందమర్రిలో ఆమెను అసలు పేరుతో ఎరిగినవాళ్లు తక్కువ. ఇంటి ముందు గదిలో టైపు మిషన్లు పెట్టుకుని మా కాలనీ పిల్లలకు నేర్పేది కాబట్టి అందరికీ టైపు మేడమే. మాది బొగ్గు గనుల ఊరు, ఏ వస్తువు మీదైనా పూట తిరిగేసరికి బొగ్గు దుబ్బ, అదే దుమ్ము, పడుతుంది. ఆమె రోజూ పొద్దున్నే పాత నూలు చీర ముక్కతో ఒక్కో అక్షరం మీట తుడిచేది. నేనేమో మిషను మీద పగబట్టినదానిలా కొట్టేదాన్ని. "గా మిషన్ నీకేం పాపం జేసింది బిడ్డా? జర మెల్లగ" అనేది, అంతకన్నా పెద్ద తిట్టు ఆమె నోట వినలేదు. ఇంకో అలవాటుండేది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటలన్నీ ఒళ్లో వేళ్లతో టైపు చేస్తూ ఉండేది. ఆమె ముందు అబద్ధం చెప్పాలంటే నాకు భయంగా ఉండేది, ఎక్కడ అచ్చైపోతుందోనని.

మీట ఇరుక్కుంటే ఆమె మిషనంతా విప్పేది కాదు. "ఒక్కొక్కటే చూద్దాం. అన్నీ ఒక్కసారి ఇప్పితే ఏది ఖరాబైందో ఎట్ల తెలుస్తది?" అనేది. మనుషుల దగ్గరా అదే పద్ధతి. నౌకరీ పరీక్ష పోయిందని నేను ఏడ్చుకుంటూ వెళ్తే, ముందు పొద్దున ఏం తిన్నానో అడిగింది. ఏమీ తినలేదంటే అన్నం పెట్టింది. తిన్నాక, రాత్రి నిద్రపోయానా అని అడిగింది. పోలేదంటే లోపలి గదిలో చాప వేసింది. నేను లేచేసరికి చాయ్ తెచ్చి, "ఇగ చెప్పు, ఇంక ఎంత దుఃఖం మిగిలింది?" అంది. మిగిలిందీ చిన్నదేం కాదు, కానీ మోయగలిగినంతే ఉంది.

మా అవ్వకూ ఆమెకూ ఉన్న చుట్టరికం వేరు. చెన్నూరు దగ్గర మేడం వాళ్ల బాపు పొలంలో అవ్వ చిన్నప్పుడు నాట్లు వేసింది. ఆ లెక్కన అవ్వకు ఆమె చిన్న దొరసాని. నన్ను టైపులో చేర్పించడానికి వచ్చిన రోజు అవ్వ గడప పక్కన నేల మీద కూర్చుంది. మేడం కుర్చీ చూపించినా లేవలేదు. "నువ్వు కింద కూసుంటె నేను గూడ కిందనే కూసుంట" అని మేడం పక్కనే చతికిలబడింది. ఆమెవి నొప్పుల మోకాళ్లు. తర్వాత ఆమెను లేపడానికి నేనూ అవ్వా చెరోవైపు పట్టుకోవలసి వచ్చింది. మళ్లీ ఆ బరువు ఎవరెత్తుతారనో ఏమో, అవ్వ అప్పటినుంచి ఆ ఇంట్లో మారు మాట్లాడకుండా కుర్చీలోనే కూర్చునేది.

టైపుకు పిల్లలు తగ్గిపోయిన రోజుల్లో మేడం కంప్యూటరు కొన్నది. దుబ్బకు ఎక్కడ పాడవుతుందోనని ఆమె పరేషాన్ అవుతుంటే, అవ్వ దానికి మందపాటి ఎర్రగుడ్డతో కవర్లు కుట్టి తెచ్చింది, నెమళ్లు అల్లి మరీ. కంప్యూటరు వచ్చినప్పటికంటే ఆ కవర్లు వచ్చినప్పుడే మేడం ఎక్కువ సంబరపడింది. తెరమీది కవరు తీయక తప్పదు కాబట్టి వాడేటప్పుడు తీసేది. కింది డబ్బా మీది కవరు మాత్రం ఎప్పుడూ తీసింది లేదు. ఎవరొచ్చినా, "మా అవ్వ కండ్లు పోంగ కుట్టింది" అని నెమళ్లు చూపించేది.

అవ్వ ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే బయట రోడ్డు మీదికి వినబడేది. మేడంకు మాత్రం నాట్ల పాట కావాలి. చిన్నప్పుడు ఒడ్డు మీద కూర్చుని వింటుంటే ఇంట్లోవాళ్లు కేకేసి లోపలికి పిలిచేవాళ్లట. ఆ పాట చివరిదాకా ఎన్నడూ వినలేదని ఆమెకు పెద్ద కొరత. అవ్వ ఎన్నిసార్లు పాడినా ఇంకోసారి అనేది.

అలాంటి అవ్వ గొంతులో గడ్డ లేచింది. హైదరాబాదు డాక్టర్లు పరీక్షలు చేసి గొంతు పెట్టె తీసేయాలన్నారు. ప్రాణం దక్కుతుంది, మాట దక్కదు. సోమవారం రైలెక్కాలి. శనివారం పొద్దున మేడం మా క్వార్టరుకు వచ్చింది. నేను వంకాయలు తరుగుతూ ఏడుస్తున్నాను. "ఏడుపు తర్వాత. అవ్వను దీస్కరా. ఆమె గొంతు నా కంప్యూటర్ల పెడదాం" అంది. మా ఇంట్లో ఉన్న టేపురికార్డరు మీద నమ్మకం లేదు, అది రీళ్లు నమిలి మింగేది.

నిండు ఎండాకాలం. చప్పుడు వస్తుందని ఫ్యాను ఆపేశాం, దుబ్బా లారీల మోతా రాకుండా కిటికీలు మూసేశాం. అవ్వ మైకు ముందు కూర్చుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం ముద్దుగా వచ్చింది. తర్వాత తిరిగి పెట్టి వింటే గొంతు మధ్య మధ్య తెగిపోతోంది. అవ్వ కుంటుకుంటూ పాడుతున్నట్టుంది. ఇంకోసారి పాడితే మిషను నత్తనడక నడిచి, చివరికి బొమ్మలా బిగుసుకుపోయింది.

మిషను మీద బరువు తగ్గించాలని మేడం తన ఒక్కొక్కటే పద్ధతి మొదలుపెట్టింది. వెనకాల నడిచే వైరస్ కాపలాను ఆపింది. అవ్వ పాడింది, తెగింది. ఖాళీగా ఉన్నప్పుడు తెరమీద ఈదే చేపల బొమ్మల్ని తీసేసింది. మళ్లీ తెగింది. రంగులు తగ్గించింది. పాత ఫైళ్లు చెరిపింది. డిస్కు సర్దడానికి పెడితే తెరమీద రంగు గళ్లు ఒక్కొక్కటే జరుగుతుంటే, పాలు పొంగకుండా చూస్తున్నట్టు కూర్చుంది. ప్రతిసారీ మొదట కాసేపు బాగుండేది, పాట సగానికి వచ్చేసరికి మళ్లీ అదే కుంటు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇటు మేడం ఓపిక తరగడం లేదు, అటు అవ్వ గొంతు తరిగిపోతోంది. పాడిన ప్రతిసారీ ఒక పిడికెడు తగ్గుతోంది. ఆ గొంతులో ఇంకా ఎన్ని పాటలున్నాయో ఎవరికి తెలుసు?

ఆదివారం చర్చి నుంచి నేరుగా మళ్లీ అక్కడికే వెళ్లాం. అప్పటికే గొంతు జీరబోయింది. మళ్లీ సగంలో మిషను బిగుసుకుపోయేసరికి నేను దాన్ని ఒక్కటిచ్చాను. "ఇగ చాలు మేడం, అవ్వను సంపుతరా ఏంది?" అని ఆమె మీదా అరిచాను. మేడం తల దించుకుంది. ఆమె వేళ్లు ఒళ్లో ఆ మాటను కూడా టైపు చేశాయి.

అవ్వ మంచినీళ్ల కోసం లేస్తూ ఆసరాకని కంప్యూటరు డబ్బా మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి తీయలేదు. కవరు కిందికి చెయ్యి పోనిచ్చి, చంటిపిల్ల ఒళ్లు చూసినట్టు అటూ ఇటూ తడిమింది.

"అమ్మా, దీనికి జరమున్నది. గీ గుడ్డ దియ్యుండ్రి. గింత ఎండలల్ల గొంగడి కప్పినట్టు కప్పిండ్రు."

"అది నువ్వు కుట్టింది గదా అవ్వా" అంది మేడం.

"నేను దుబ్బ పడకుంట కుట్టిన. ఊపిరాడకుంట కాదు."

మేడం అవ్వ ముఖం వైపు చూసింది. కంప్యూటరులో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఆపింది గానీ, పైనున్న ఆ గుడ్డను కదిలించాలని ఆమెకు తోచనే లేదు. నాకూ తోచలేదు, అది వేరే సంగతి. కవరు తీసి మడత పెట్టి ఒళ్లో పెట్టుకుని ఆమె నవ్వింది. వెంటనే కళ్లు కూడా తుడుచుకుంది.

సార్, అంటే ఆమె భర్త, స్క్రూడ్రైవరు తెచ్చి డబ్బా విప్పారు. లోపలి ఫ్యాను రెక్కల మీద బొగ్గు దుబ్బ పేరుకుపోయి ఉంది. టైపు అక్షరాలు తుడిచే బ్రష్షుతో మేడం దాన్ని దులిపింది. అది చల్లబడేదాకా అందరం చాయ్ తాగుతూ కూర్చున్నాం. అవ్వ వేడినీళ్లు తాగింది. సాయంత్రం ఎండ వాలాక మేడం మిషను పెట్టి, "ఇగ పాడవ్వా" అంది.

అవ్వ పాడింది. జీరగొంతే, కానీ చివరిదాకా ఎక్కడా తెగలేదు. మేడం వేళ్లు ఒళ్లో ఆగకుండా కదులుతూనే ఉన్నాయి. తర్వాత తిరిగి పెట్టి వింటున్నప్పుడు నేను, "పాట ముందల మీ మాట పడ్డది, అది కోసెయ్యుండ్రి" అన్నాను. "ఉండనియ్యి బిడ్డా, కొయ్యవోతె మల్ల ఏమైతదో" అని వదిలేసింది.

ఆపరేషన్ అయ్యాక అవ్వ మెడ ముందు భాగంలో రంధ్రం మిగిలింది. ఊపిరి అక్కడినుంచే. దుబ్బ పోకుండా దాని మీద గుడ్డ కప్పుకోమన్నారు. మేము ఇంటికి వచ్చిన మర్నాడే మేడం వచ్చింది, పలుచని తెల్ల మల్లు గుడ్డతో కుట్టిన మెడగుడ్డలు తీసుకుని. ఆమెకు కుట్టు రాదు, అంచులన్నీ వంకర. "దుబ్బ పడకుంట, ఊపిరాడేటట్టు కుట్టిన అవ్వా" అంది. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది, చప్పుడు లేకుండా. ఆనాటి నుంచి సాయంత్రాలు ఇద్దరూ కలిసే కూర్చునేవాళ్లు. అవ్వ చేతులతో చెప్పేది, మేడం దాన్ని ఒళ్లో టైపు చేసుకునేది. వాళ్ల మధ్య నేను మాట్లాడితే ఇద్దరికీ విసుగు.

మేడం పదోరోజు కర్మకు అవ్వా నేనూ వెళ్లాం. భోజనాలయ్యాక కంప్యూటరు ఉన్న గదిలోకి అవ్వ నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. డబ్బా మీది ఎర్ర కవరు తానే తీసి, నెమళ్లు పైకి వచ్చేలా మడిచి ఒళ్లో పెట్టుకుని, మైకు ముందు తాను కూర్చున్న ఆ కుర్చీలోనే కూర్చుంది. సారుకు సంగతి అర్థమైంది. కంప్యూటరు పెట్టి, కాసేపు వెతికి, పాట మీద నొక్కారు.

ముందు కొద్దిగా గరగర వినిపించింది. తర్వాత మేడం గొంతు, పక్కనే కూర్చున్నట్టు, "ఇగ పాడవ్వా" అంది.

అవ్వ నడుము నిటారు చేసి కూర్చుంది. మెడమీది వంకర అంచుల తెల్ల గుడ్డ ఒక్కసారిగా లోపలికి పీల్చుకుపోయింది. అవ్వ నోరు తెరిచింది.