పండుగప్ప కన్ను

మా ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తెల్లవారుజామున నీళ్లు ఎక్కడ ముగుస్తాయో, మంచు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. పడవలు గాల్లోంచి దిగినట్టు వస్తాయి. అక్కడ చేపలు కొని, అమ్మా నేనూ కృష్ణపట్నం రోడ్డు పక్కన అమ్ముతాం.

రెండేళ్లుగా అమ్మకు ఒక ఆట. చేపనెత్తి నా ముందు పెడుతుంది.

"ఇదేందో చెప్పుమే."

"పండుగప్ప."

"కన్నెట్టుంది?"

"బంగారంలా మెరుస్తా ఉంది."

"అయితే తాజాదే."

పండుగప్ప అంటే ఆమెకు ముద్దు. ఉప్పునీళ్లలో పుట్టి, ఏటికి ఎదురీది పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ మొగకే వస్తుందట. చిన్నప్పుడు అన్నీ మగవేనట, ముదిరాక ఆడవవుతాయట. "బుద్ధొచ్చినాక ఆడదవుతుందిమే" అని నవ్వేది. నాకు విద్య నేర్పుతోందని నేను మురిసిపోయాను.

మొన్న ఆమెను ఏడిపిద్దామని, మేత వేసి పెంచిన చెరువు పండుగప్పను చేతిలో పెట్టి, మొగలో వలకు పడిందని చెప్పాను. అమ్మ పొట్ట నొక్కింది, తోక అంచు తడిమింది.

"చెరువుది. పొట్టంతా కొవ్వే. ఎవర్ని ఏమార్చాలని చూస్తుండావు?"

చూపు మాత్రం నా భుజం మీదుగా మంచులోకే ఉంది. చేప వైపు ఒక్కసారీ రాలేదు.

అప్పుడు అర్థమైంది. రెండేళ్లుగా ఆమె నాకు నేర్పలేదు, నన్నడిగి తెలుసుకుంటోంది. నా మొద్దుబుర్ర మీద నాకే కోపం వచ్చింది.

"అమా, నీకు కనపడ్డంలేదు కదా?"

"మంచు పట్టినట్టుంటాది, అంతే."

"రేపు నెల్లూరు పోయి శుక్లాలు తీయించుకుందాం."

"నేను ఇంట్లో కూసుంటే గంప ఎవరు చూస్తారు? నువ్వా? నీకు చూడ్డమే వచ్చుమే, చేప తెలవదు."

ఆమె భయం ఆసుపత్రి కాదు. ఆమె మాట నమ్మి కొనేవాళ్లకు నేనేం అంటగడతానోనని. "కళ్లు మూసుకో" అంటూ నా రెండు చేతుల్లో ఒక బరువైన చేప పెట్టింది.

గుండ్రటి తోక. పెద్ద పొలుసులు. ముందుకొచ్చిన కింది దవడ. మొప్ప మూత అంచు బొటనవేలిని కోసేసింది.

"అబ్బా! పండుగప్ప. పొట్ట గట్టిగుంది, మొగ నీళ్లదే."

"ఆడదా, మగదా?"

"ఇంత బరువుంటే ఆడదే."

అమ్మ నా వేలి తడిని తడిమి, అది నీళ్లు కాదని తెలిసి, కొంగుతో గట్టిగా చుట్టింది.

"నెల్లూరు బస్సు ఎన్నింటికిమే?" అని అడిగింది.